నక్కను కాపాడిన గద్ద

కాలిఫోర్నియాలోని వెంచురా రేవులో పడవ ఎక్కితే గంటలో శాంటాక్రూజ్ దీవి వస్తుంది. అక్కడ హోటలూ దుకాణమూ ఉండవు. స్కార్పియన్ రేవులో దిగి కాలిబాట పట్టి కొండెక్కితే కావెర్న్ పాయింట్. అక్కడి నుంచి సముద్రపు అంచు వెంటే పొటాటో హార్బర్ దాకా నడవాలి. రానూపోనూ సుమారు 8 కిలోమీటర్లు. కుడివైపు కొండ కత్తితో కోసినట్టు నిలువుగా నీళ్లలోకి దిగిపోతుంది. అలలు కొండ మొదలును తొలిచేకొద్దీ పైభాగం ఆధారం లేక విరిగిపడుతుంది. ఇంత అందంగా కనిపించే అంచు అలా తయారైందే. అందుకే దాని కొసకు వెళ్లి నిలబడకూడదు.

ఈ దారిలో పట్టపగలే ఒక నక్క ఎదురుకావచ్చు. పెంపుడు పిల్లి కన్నా చిన్నది, బరువు రెండు కిలోలకు అటూఇటూ. వీపు బూడిద రంగు, చెవుల వెనక ఇటుక రంగు. మనిషిని చూసి బెదరదు. వేల ఏళ్ల పాటు దాన్ని వేటాడే జంతువు ఈ దీవిలో లేకపోవడమే అందుకు కారణం.

అలాంటి నక్కలు 1990లలో ఉన్నట్టుండి తగ్గిపోయాయి. వెయ్యికి పైగా ఉన్నవి కొన్నేళ్లలోనే వందలోపుకు పడిపోయాయి. వాటిని మనుషులెవరూ వేటాడలేదు. అసలు కారణం సముద్రంలో కలిసిన డీడీటీ అనే పురుగుమందు.

డీడీటీ చేపల్లో చేరింది. ఆ చేపలు తిన్న తెల్లతల గద్దల గుడ్ల పెంకులు పలచబడి, పొదిగేటప్పుడే చితికిపోయాయి. గద్దల వంశం దీవిలో అంతరించింది. తమ హద్దులోకి మరో పెద్ద గద్దను రానివ్వని కాపలాదారులు అవి. కాపలా పోయాక ప్రధాన భూభాగం నుంచి గోల్డెన్ ఈగల్స్ అనే మరో జాతి గద్దలు వచ్చాయి. ఒకప్పుడు పశుపోషకులు తెచ్చి వదిలిన పందులు అడవిపాలై పెరిగాయి. వాటి పిల్లలు ఈగల్స్‌కు ఏడాది పొడవునా ఆహారం. దాంతో అవి అక్కడే స్థిరపడి, ఆకాశం నుంచి ముప్పు వస్తుందని ఎరగని నక్కల మీద పడ్డాయి.

శాస్త్రవేత్తలు చిక్కుముడిని ఒక్కో పోగుగా విప్పారు. గోల్డెన్ ఈగల్స్‌ను ప్రాణాలతో పట్టి ప్రధాన భూభాగానికి తరలించారు. పందులను పూర్తిగా తొలగించారు. నక్కలను సంరక్షణలో పెంచి వదిలారు. 2002 నుంచి తెల్లతల గద్దలను మళ్లీ తెచ్చారు. 2006లో వాటి పిల్ల ఒకటి దీవిలోని గూట్లోనే సహజంగా గుడ్డులోంచి బయటికొచ్చింది. 2004లో అంతరించే ప్రమాదమున్న జీవుల జాబితాకెక్కిన ఈ నక్క 2016లో అందులోంచి బయటపడింది. అప్పటిదాకా అమెరికాలో ఆ జాబితాకెక్కిన ఏ క్షీరదమూ ఇంత త్వరగా కోలుకోలేదు.

ఒక్క జీవిని కాపాడాలంటే దాని చుట్టూ ఉన్న అల్లికనంతా సరిచేయాలి. ఈ దీవి నేర్పిన పాఠం ఇదే. ఎప్పుడైనా ఆ కొండ అంచున నడిచే అవకాశం వస్తే, నక్క దగ్గరికొచ్చినా తిండి పెట్టకండి. దూరం నుంచి చూసి, దాని దారిన దాన్ని పోనివ్వండి.