నీళ్లు చూసి కొనాల్సిన యంత్రం

టైల్ కోసే బ్లేడును ఆపి, అంచును వేలితో మెల్లగా తడిమితే వేలు తెగదు. రంపానికి ఉన్నట్టు దీనికి పళ్లుండవు. గరుకుగా మాత్రం తగులుతుంది. ఆ గరుకంతా వజ్రాల నలకలే. కృత్రిమ వజ్రాల పొడిని లోహపు పొడితో కలిపి, ఒత్తి, కాల్చి, ఉక్కు బిళ్ల అంచుకు పట్టిస్తారు. అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ ప్రయోగశాలలో ట్రేసీ హాల్ 1954 డిసెంబరులో కృత్రిమ వజ్రం తయారుచేశాడు. ఆ దారి తెరుచుకున్నాక పరిశ్రమలకు పనికొచ్చే వజ్రం చవకైంది. నాలుగంగుళాల వజ్రపు బ్లేడు ఇవాళ ఏ చిన్న ఊరి హార్డ్‌వేర్ షాపులోనైనా కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది.

ఈ బ్లేడు టైల్‌ను అరగదీసుకుంటూ దారి చేసుకుంటుంది. గుండ్రంగా చుట్టిన గరుకు కాగితం పనిచేసినట్టే. అరగదీత జరిగే చోట వేడి పుడుతుంది, పొడి పుడుతుంది. అందుకే టైల్స్ మేస్త్రీ కటింగ్ మెషిన్ కొనబోయే ముందు రెండు సంగతులు తేల్చుకోవాలి. ఈ వేడి ఎటు పోతుంది? ఈ పొడి ఎటు పోతుంది? రెండింటినీ పట్టుకుపోవాల్సింది నీళ్లే. మోటారు బలం, బల్ల పొడవు, బ్లేడు సైజు అన్నీ ముఖ్యమే. కానీ ముందు చూడాల్సింది నీటి ఏర్పాటు.

వజ్రానికీ వేడంటే పడదు

వజ్రం కన్నా గట్టి పదార్థం ప్రకృతిలో లేదంటారు, నిజమే. అయినా అది ఉత్త కర్బనం. గాలి తగిలే చోట వేడి సుమారు 700 డిగ్రీల సెల్సియస్ దాటిందంటే ఆక్సిజన్‌తో కలిసి మెల్లగా కాలిపోవడం మొదలవుతుంది. పక్కన ఇనుము, కోబాల్టు వంటి లోహాలుంటే వేడిలో గ్రాఫైటుగా మారడం కూడా సులువవుతుంది. బ్లేడులో వజ్రాన్ని పట్టి ఉంచేవి సరిగ్గా ఆ లోహాలే. పొడిగా కోస్తున్నప్పుడు అంచు ఎర్రబడిందంటే వజ్రాలు చెడిపోతున్నాయనీ, ఉక్కు బిళ్ల వంకరపోయే ప్రమాదం ఉందనీ గుర్తు.

నీళ్లు ఏం చేస్తాయో చిన్న లెక్కతో చూద్దాం. మోటారు నుంచి కోత దగ్గరికి ఒక కిలోవాట్ చేరుతోందని, అదంతా వేడిగా మారుతోందని అనుకుందాం. నిమిషానికి 60 కిలోజౌళ్లు. లీటరు నీళ్లు ఒక్క డిగ్రీ వేడెక్కడానికి సుమారు 4.2 కిలోజౌళ్లు కావాలి. అంటే నిమిషానికి ఒక్క లీటరు నీళ్లు కోత మీదుగా పారితే చాలు, ఆ వేడంతా తీసుకుని కూడా నీళ్లు 14 డిగ్రీలే వేడెక్కుతాయి. చెయ్యి పెట్టగలిగేంత గోరువెచ్చన. మరే ద్రవమూ ఇంత చవగ్గా ఈ పని చేయలేదు.

అయితే ఆ నీళ్లు కోత దగ్గరికి చేరాలి. చిక్కంతా అక్కడే ఉంది.

సీసాతో పోస్తే ఎందుకు చాలదు

మన సైట్లలో ఎక్కువగా కనిపించేది చేత్తో పట్టుకునే నాలుగంగుళాల మెషిన్. 110 మిల్లీమీటర్ల బ్లేడు నిమిషానికి దాదాపు 12,000 చుట్లు తిరుగుతుంది. లెక్క వేస్తే అంచు వేగం సెకనుకు 69 మీటర్లు, అంటే గంటకు 250 కిలోమీటర్ల దాకా. పది అంగుళాల బ్లేడుండే బల్ల మెషిన్‌లో మోటారు నిమిషానికి 2,800 చుట్లకు అటూఇటూగా తిరుగుతుంది. దాని అంచు వేగం సెకనుకు 37 మీటర్లు. రెండు మోటార్ల వాట్లు చాలాసార్లు దగ్గరదగ్గరగానే ఉంటాయి. తేడా తిరగడంలో ఉంది.

తిరిగే బిళ్ల అంచు మీద నీటిబొట్టు నిలవాలంటే దాన్ని లోపలికి లాగి పట్టే బలం కావాలి. ఆ బలం వేగం వర్గానికి తగ్గట్టు పెరుగుతుంది, బిళ్ల చిన్నదయ్యే కొద్దీ ఇంకా పెరుగుతుంది. ఆ లెక్కన చిన్న బ్లేడు మీద నీళ్లు నిలవడం పెద్ద బ్లేడు మీద కన్నా ఎనిమిది రెట్లు కష్టం. హెల్పర్ పక్కన కూర్చుని మూతకు చిల్లి పెట్టిన సీసాతో పోస్తుంటాడు. అందులో చాలా భాగం బ్లేడుకు తగిలీ తగలకుండానే గోడ మీద, బట్టల మీద పడుతుంది. కోత చీలికలోకి దిగేది కొంచెమే. పైగా సీసా ఖాళీ అయిన క్షణం నుంచి అది పొడి కోతే.

మంచి తడి కోత యంత్రంలో నీటి గొట్టాలు బ్లేడుకు రెండు వైపులా, ఇరుసుకు దగ్గరగా వదులుతాయి. అక్కడ పడ్డ నీళ్లు బిళ్ల తిరుగుడుకే రెండు ముఖాల మీదా పలచగా పాకి అంచుకు చేరతాయి. షాపులో మెషిన్ చూసేటప్పుడు పంపు వేయించి చూడండి. రెండు వైపులా సమంగా పడుతోందా? ధార సన్నబడకుండా వస్తోందా? పంపు నీళ్లు పీల్చే మూతి తొట్టి అడుగుకు ఆని ఉందా, కాస్త పైన ఉందా? అడుగుకు ఆని ఉంటే గంట పనికే బురద పీల్చి మూసుకుపోతుంది. తొట్టిలో అడ్డుగోడ ఉండి, బురద ఒక అరలో దిగి, తేరిన నీళ్లు రెండో అరలోకి వచ్చే ఏర్పాటుంటే మరీ మంచిది.

ఊపిరితిత్తుల లెక్క

పది మిల్లీమీటర్ల మందం, 600 మిల్లీమీటర్ల పొడవు ఉన్న విట్రిఫైడ్ టైల్‌ను నిలువుగా ఒక్కసారి కోస్తే, బ్లేడు మందం 1.6 మిల్లీమీటర్లనుకుంటే, పొడి అయ్యేది దాదాపు 22 గ్రాములు. అందులో కంటికి కనిపించేదీ, కింద పడేదీ పెద్ద ప్రమాదం కాదు. సుమారు 4 మైక్రాన్లు, అంతకన్నా సన్నటి రేణువులే ఊపిరితిత్తుల చివరి గదుల దాకా వెళతాయి. రెండు మైక్రాన్ల రాతి రేణువు నిశ్చలమైన గాలిలో ఐదడుగులు దిగడానికి గంటకు పైగా పడుతుంది. మెషిన్ ఆపి, టీ తాగి వచ్చినా ఆ గదిలో గాలి ఇంకా తేరుకోదు.

ఆ రేణువుల్లో స్ఫటిక రూపంలో ఉన్న సిలికా ఉంటే, ఊపిరితిత్తుల్లోని రక్షక కణాలు దాన్ని మింగుతాయి కానీ అరిగించుకోలేక చచ్చిపోతాయి. వాటి నుంచి వెలువడే రసాయనాలకు చుట్టూ ఉన్న కణజాలం వాచి, మచ్చకట్టి, గట్టిపడుతుంది. అదే సిలికోసిస్. గట్టిపడ్డ చోటు మళ్లీ మెత్తబడదు, దీనికి నయం చేసే మందు లేదు. క్షయ సోకే ప్రమాదమూ పెరుగుతుంది. పనిచోట పీల్చే స్ఫటిక సిలికాను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లో మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. మన 1948 ఫ్యాక్టరీల చట్టం సిలికోసిస్‌ను తప్పనిసరిగా ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బుల జాబితాలో చేర్చింది. ఇళ్లల్లో టైల్స్ వేసే మనిషి మాత్రం ఫ్యాక్టరీ లెక్కలోకి రాడు. అతని దగ్గుకు రిజిస్టర్ లేదు.

అమెరికాలో 2016లో వచ్చిన నిబంధన ప్రకారం ఎనిమిది గంటల పనిలో సగటున ఘనపు మీటరు గాలిలో 50 మైక్రోగ్రాములకు మించి ఇలాంటి సన్నటి సిలికా ఉండకూడదు. పది అడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గదికి లెక్కేస్తే మొత్తం గాలిలో 1.4 మిల్లీగ్రాములు. ఒక గ్రాములో ఏడువందో వంతు. ఒక్క కోతలో లేచే 22 గ్రాముల పొడిలో పదిహేను వేల వంతుల్లో ఒక వంతు సన్నటి సిలికాగా గాలిలో కలిసినా ఆ గది ఆ మేరకు చేరుతుంది. అదే నిబంధనలో ఇంకో మాట ఉంది: బ్లేడు మీదికి ఆగకుండా నీళ్లందించే ఏర్పాటు యంత్రంలోనే ఉన్న బల్ల రంపాన్ని సరిగ్గా వాడితే, ప్రత్యేకంగా మాస్కు పెట్టుకోవాల్సిన పని లేదు. చేత్తో పట్టే మెషిన్‌ను గదిలో వాడితే మాత్రం నీళ్లున్నా మాస్కు ఉండాల్సిందే. నీళ్లు పొడిని పుట్టిన చోటే పట్టేస్తాయి. గాలిలోకి లేచాక పట్టుకోవడం కష్టం.

ఏ రాయిలో ఎంత సిలికా అనేది షాపులో చెప్పే పేరును బట్టి తెలియదు. అసలైన గ్రానైట్‌లో క్వార్ట్జ్, అంటే స్ఫటిక సిలికా, ఐదో వంతుకు తగ్గదు. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీని వ్యాపారంలో గ్రానైట్ అంటారు గానీ, అది గ్యాబ్రో జాతి రాయి, క్వార్ట్జ్ చాలా తక్కువ. తాండూరు, షాబాద్ బండలు సున్నపురాయి జాతివి. వంటింటి గట్లకు ఇప్పుడు మోజుగా వేయించుకుంటున్న కృత్రిమ క్వార్ట్జ్ పలకల్లో చాలావాటిలో సిలికా 90 శాతం దాకా ఉంటుంది. ఆ పలకల దుమ్ముకు పడుచు వయసు పనివాళ్లే జబ్బు పడటంతో ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి వాటి తయారీని, అమ్మకాన్ని, బిగింపును నిషేధించింది. మన దగ్గర వాటిని కోయాల్సి వచ్చిన మేస్త్రీ పొడి కోతకు ఒప్పుకోకూడదు.

ఏ పనికి ఏ మెషిన్

తడి మెషిన్లు ప్రధానంగా మూడు రకాలు. మొదటిది చిన్న బల్ల మెషిన్. బ్లేడు కింది నుంచి పైకి పొడుచుకొచ్చి, కింది తొట్టిలోని నీళ్లలో మునిగి తిరుగుతుంది. ఎత్తుకెళ్లడం తేలిక. బాత్‌రూమ్ వాల్ టైల్స్‌కు, స్కర్టింగ్ ముక్కలకు చాలు. పెద్ద టైల్ దాని మీద నిలవదు. రెండోది జారే బల్ల మెషిన్. బ్లేడు పైన ఉంటుంది, టైల్ ఉన్న పళ్లెం దాని కిందికి జారుతుంది. మూడోది పట్టాల మెషిన్. టైల్ కదలదు, మోటారే పట్టా మీద జారుతూ కోసుకుపోతుంది. బరువైన పలకను కదిలిస్తే చెయ్యి వణుకుతుంది, కోత వంకరపోతుంది. అందుకే పెద్ద సైజులకు ఇదే నమ్మకం.

పొడవు దగ్గర చాలామంది తప్పులో కాలేస్తారు. 600 × 600 టైల్ వేసేవాళ్లు 600 కోత పొడవు చాలనుకుంటారు. ఐమూలగా కోయాల్సి వస్తే ఆ టైల్ పొడవు దాదాపు 850 మిల్లీమీటర్లు. 600 × 1200 టైల్‌ను నిలువునా చీల్చాలంటే 1,200 మిల్లీమీటర్లు పూర్తిగా కావాలి. గుత్తకు ఎక్కువగా తీసుకునే సైజును బట్టి పొడవు ఎంచుకోండి. మెట్ల అంచులు, మూలలు కలిపే పని ఉంటే మోటారు తల 45 డిగ్రీలకు ఒరిగి గట్టిగా నిలబడాలి.

కోత నిటారుగా వస్తోందా లేదా అన్నది షాపులోనే తేల్చుకోవచ్చు. ఒక టైల్‌ను నడిమికి కోయించండి. రెండు ముక్కల్నీ కోత అంచులు ఆనేలా చదును మీద పెట్టండి. సరిపోతాయి. ఇప్పుడు ఒక ముక్కను బోర్లా తిప్పి అదే అంచును మళ్లీ ఆనించండి. కోత వంగి ఉంటే సందు కనిపిస్తుంది, అసలు తప్పుకు రెండింతలు కనిపిస్తుంది. మిల్లీమీటరు వంకర రెండు మిల్లీమీటర్లుగా బయటపడుతుంది. మూలమట్టం లేకపోయినా దొరికిపోయే తప్పు ఇది.

కోసేటప్పుడు గ్లేజు వైపు పైకి ఉంచాలి. బల్ల మెషిన్లలో బ్లేడు టైల్‌లోకి పై నుంచి కిందికి దిగుతుంది కాబట్టి పెచ్చులు లేచినా అడుగున లేస్తాయి. గడులు లేని నిండు అంచు బ్లేడు టైల్‌కు, గడుల బ్లేడు రాతికి. ఇక్కడ తిరకాసు ఒకటుంది. గట్టి విట్రిఫైడ్‌కు మెత్తటి లోహం ఉన్న బ్లేడు కావాలి, మెత్తగా, ఇసకలా రాలే రాతికి గట్టి లోహం కావాలి. గట్టి టైల్ లోహాన్ని పెద్దగా అరగదీయదు. లోహం అరక్కపోతే మొద్దుబారిన వజ్రాలు రాలిపోవు, కొత్తవి బయటపడవు, బ్లేడు నున్నబడి కోత ఆగిపోతుంది. అలాంటప్పుడు పారేయక్కర్లేదు. సాన పట్టే గరుకు రాయిని తడి కోతలో నాలుగైదుసార్లు కోస్తే లోహం అరిగి కొత్త వజ్రాలు తేలతాయి. బ్లేడు మీద రాసిన గరిష్ఠ చుట్లు మెషిన్ చుట్లకన్నా తక్కువుంటే ఆ బ్లేడు బిగించకండి.

తిన్నటి కోతలన్నిటికీ రంపం అక్కర్లేదని కూడా చెప్పాలి. గీత గీసి విరిచే చేతి కట్టర్‌కు కరెంటు వద్దు, నీళ్లు వద్దు, దుమ్మూ దాదాపు ఉండదు. మామూలు టైల్స్‌కు ముందు దాన్ని వాడి, ఎల్ ఆకారపు కోతలకు, సన్నటి పట్టీలకు, రాతికి మెషిన్ ఎక్కిస్తే బ్లేడూ మిగులుతుంది.

నీళ్లూ కరెంటూ ఒక్క చోట

తడి కోతకు భయపడేవాళ్ల భయంలో నిజముంది. నీటి దగ్గర కరెంటు ప్రాణం తీస్తుంది. దానికి మందు పొడి కోత కాదు, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ. లైనులో వెళ్లిన కరెంటు తిరిగి రాకుండా ఒంట్లోంచి నేలలోకి పోతే, ఆ తేడాను పసిగట్టి క్షణంలో సరఫరా ఆపుతుంది. కట్టుబడి సైట్‌లో బోర్డు నమ్మకంగా ఉండదు కాబట్టి, ప్లగ్గులోనే ఈ రక్షణ ఉన్న తీగను మెషిన్‌తోపాటే కొనుక్కోవడం మేలు. ఎర్త్ తీగ ఉండాలి. పొడుగాటి ఎక్స్‌టెన్షన్‌కు సన్న వైరు వాడితే వోల్టేజి పడిపోయి మోటారు కాలుతుంది. 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు వేయండి. వైరును ప్లగ్గుకు ముందు కిందికి వేలాడేలా వదిలితే నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి, ప్లగ్గు దాకా రావు.

పనయ్యాక తొట్టిలో మిగిలిన బురద సంగతి మరవకూడదు. అది ఎండితే మళ్లీ అదే దుమ్ము. మోరీలో పోస్తే అడుగున గట్టిపడి పైపు మూసుకుపోతుంది. రాత్రంతా తేరనిచ్చి, పై నీళ్లు వంపేసి, బురదను తడిగా ఉన్నప్పుడే సంచిలో కట్టాలి. నేల మీద ఎండిన తెల్లటి పూతను పొడిగా ఊడ్చకుండా తడిగుడ్డతో తుడవాలి.

ఇల్లు కట్టించేవాళ్ల వంతు కూడా ఉంది. నీళ్ల మెషిన్ ఖరీదెక్కువ, మోయడానికి మనిషి కావాలి, రోజూ కడగాలి. అడుగుకింత అని రేటు గీచి గీచి బేరమాడినప్పుడు మేస్త్రీ ముందుగా వదులుకునేది ఆ మెషిన్నే. పని ఒప్పుకునే రోజే తడి కోత కావాలని చెప్పండి, దానికయ్యే అదనపు ఖర్చు రేటులో వేయండి, కుళాయి దగ్గర మెషిన్‌కు చోటు చూపించండి, ఆ లైనుకు ఆర్‌సీసీబీ పెట్టించండి. అంచులు పెచ్చులూడకుండా వస్తాయి, బ్లేడ్లు ఎక్కువ రోజులు నిలుస్తాయి. మీ ఇంట్లో పనిచేసిన మనిషి యాభై ఏళ్ల వయసులోనూ ఆయాసం లేకుండా పనికి వెళ్లగలుగుతాడు.