ధాన్యమా, బియ్యమా? ఉత్పత్తుల గణాంక వర్గీకరణ – దిగువ కృష్ణా డెల్టా నుంచి కొన్ని పాఠాలు

గుడివాడ ప్రాంతపు చేపల చెరువు, దివిసీమ వరి మాగాణిలో చల్లిన మినుము, మచిలీపట్నం నగల పరిశ్రమ – ఇవన్నీ గణాంకాలలోకి చేరే ముందు ఒక ప్రశ్నకు సమాధానం చెప్పవలసి ఉంటుంది. ఈ ఉత్పత్తి ఏ వర్గానికి చెందుతుంది? ఎంత పండింది అన్న ప్రశ్న దీని తరువాతనే వస్తుంది. వర్గం మారితే మొత్తం మారుతుంది. మొత్తం మారితే తులన, ప్రణాళిక, విధానం కూడా మారతాయి. విస్తరణ శాస్త్రవేత్తలు, పరిశోధక విద్యార్థులు నిత్యం వాడే పట్టికల వెనుక గల ఈ వర్గీకరణల స్వభావాన్ని దిగువ కృష్ణా డెల్టా ఉదాహరణలతో వివరించడమే ఈ వ్యాస ఉద్దేశం.

మూడు వర్గీకరణలు, మూడు ప్రయోజనాలు

ఆర్థిక కార్యకలాపాలను వర్గీకరించడం ఒకటి, వాటి నుంచి వెలువడే ఉత్పత్తులను వర్గీకరించడం మరొకటి. మన దేశంలో మొదటి పనికి జాతీయ పారిశ్రామిక వర్గీకరణ–2008 ఆధారం. దీనిలో వ్యవసాయం, మత్స్య రంగం, తయారీ, సేవలు అన్నీ 21 విభాగాలుగా అమరి ఉన్నాయి. రెండవ పనికి ఐక్యరాజ్యసమితి రూపొందించిన కేంద్ర ఉత్పత్తుల వర్గీకరణ (సి.పి.సి.) ఉన్నది. దీని తాత్కాలిక రూపం 1991లో ప్రచురితమైనది, 2.1 రూపాంతరం 2015 నాటిది. సరిహద్దులు దాటే సరుకులకు ప్రపంచ కస్టమ్స్ సంస్థ వారి హార్మోనైజ్డ్ సిస్టం 1988 జనవరి 1 నుంచి అమలులో ఉన్నది. ఇందులో అంతర్జాతీయంగా 6 అంకెలు ఉమ్మడి; ఆపై భారతదేశం మరో 2 అంకెలు చేర్చి 8 అంకెల సంకేతాలను వాడుతుంది.

సి.పి.సి. ఉత్పత్తులను ప్రధానంగా రెండు ప్రమాణాలతో విడదీస్తుంది. మొదటిది వస్తువు భౌతిక లక్షణం, సహజ స్వభావం. రెండవది ఆ వస్తువు ఏ పరిశ్రమ నుంచి పుట్టినది అన్న మూలం. ఈ రెండూ ఎల్లప్పుడూ ఒకే దిశను చూపవు.

మచిలీపట్నం రోల్డ్ గోల్డ్ నగలు దీనికి చక్కని ఉదాహరణ. మూలలోహంపై బంగారు రేకును వేడిచేసి ఒత్తి లేదా అతికి, యాంత్రిక పద్ధతిలో కప్పినట్లయితే హార్మోనైజ్డ్ సిస్టంలో ఆ నగ 7113 శీర్షిక క్రింద విలువైన లోహపు ఆభరణాల సరసన నిలుస్తుంది. అదే బంగారాన్ని విద్యుత్ పూతగా వేస్తే 7117 క్రింద అనుకరణ ఆభరణంగా మారుతుంది. వ్యవహారంలో రెండింటినీ రోల్డ్ గోల్డ్ అనే పిలుస్తారు. కంటికి రెండూ ఒకటే. వర్గాన్ని నిర్ణయించేది పేరు కాదు, తయారీ పద్ధతి.

పెడన కలంకారీ విషయం ఇందుకు భిన్నం. కస్టమ్స్ సంకేతం నూలు శాతాన్ని, చదరపు మీటరు బరువును, నేతను, అద్దకం ఉన్నదీ లేనిదీ అడుగుతుంది. అచ్చు చెక్కదా, రంగు చెట్టు నుంచి తీసినదా అన్నది అడగదు. ఆ వివరాలను పట్టుకొనేది మచిలీపట్నం కలంకారీకి లభించిన భౌగోళిక గుర్తింపు. ఒకే వస్త్రానికి రెండు నిర్వచనాలు. రెండూ తమ తమ ప్రయోజనానికి సరైనవే.

కళ్లం నుంచి మిల్లు వరకు

ఈ సూత్రాన్ని ఇక మన పొలానికి అన్వయిద్దాం. ధాన్యం సి.పి.సి.లో వ్యవసాయ, అటవీ, మత్స్య ఉత్పత్తులకు చెందిన 0 విభాగంలో ఉంటుంది. మరపట్టిన బియ్యం ఆహార ఉత్పత్తులున్న 2వ విభాగానికి వెళ్తుంది. కార్యకలాపాల వర్గీకరణలోనూ అంతే: వరి సాగు వ్యవసాయం, బియ్యపు మిల్లు తయారీ పరిశ్రమ. కళ్లంలో ధాన్యాన్ని ఆరబెట్టడం, తూర్పారబట్టడం మాత్రం వ్యవసాయానికి అనుబంధమైన కోత అనంతర కార్యకలాపాలుగానే లెక్కకు వస్తాయి. మిల్లు గేటు దాటిన క్షణం నుంచి జోడయ్యే విలువ వేరే రంగం ఖాతాలో జమ అవుతుంది. వరి కోత యంత్రానిదీ ఇదే తీరు. డ్రైవరుతో సహా అద్దెకు ఇస్తే అది వ్యవసాయ సహాయక సేవ. యంత్రాన్ని మాత్రమే ఇస్తే యంత్రాల అద్దె వ్యాపారం.

పరిశోధనా పత్రాలలో తరచుగా చిక్కు తెచ్చేది దిగుబడి లెక్క. మన దేశపు అధికారిక గణాంకాలు వరి ఉత్పత్తిని బియ్యం రూపంలో చూపుతాయి. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ గణాంకాలు ధాన్యం రూపంలో ఉంటాయి. రైతు చెప్పేది 75 కిలోల బస్తాలలో. ఎకరాకు 30 బస్తాలు పండినదనుకుందాం. అది 2,250 కిలోలు; హెక్టారుకు సుమారు 5,560 కిలోల ధాన్యం. పచ్చి బియ్యానికి ప్రభుత్వ సేకరణలో అనుసరించే 67 శాతం నిష్పత్తిని వర్తింపజేస్తే అదే పంట సుమారు 3,725 కిలోల బియ్యం అవుతుంది. పొలం ఒకటే, కోత ఒకటే. అయినా రెండు పట్టికలను గమనించకుండా పోల్చిన విద్యార్థికి హెక్టారుకు 1,800 కిలోలకు పైగా వ్యత్యాసం కనిపిస్తుంది. ఆ వ్యత్యాసాన్ని ఎరువుకో, రకానికో ఆపాదిస్తే సిఫార్సు తప్పుదారి పడుతుంది. తేమ సంగతి కూడా మరువరాదు. సేకరణ ప్రమాణం 17 శాతం. కోత యంత్రం నుంచి నేరుగా తూచిన ధాన్యంలో తేమ అంతకంటే ఎక్కువగా ఉండవచ్చును.

మినుము, పెసర ఒకే గూటిలో

దివిసీమలో వరి కోతకు కొద్ది రోజుల ముందు నిలబడిన చేనులో మినుము చల్లడం అనాదిగా ఉన్న పద్ధతి. ఘంటసాల పరిశోధనా స్థానం కృషిలో ఈ మాగాణి అపరాలదే ముఖ్య స్థానం. మనకు మినుము వేరు, పెసర వేరు. తెగుళ్లు, ధరలు, వాడుక వేరు. హార్మోనైజ్డ్ సిస్టంలో మాత్రం 6 అంకెల స్థాయిలో ఈ రెండు జాతులూ 0713 31 అనే ఒకే ఉపశీర్షికలో ఉన్నాయి. భారత సుంకపు పట్టికలో 8 అంకెల స్థాయికి వెళితేనే విడిపోతాయి. ఆహార వ్యవసాయ సంస్థ పట్టికలలోనైతే ఇవి ‘ఎండు చిక్కుళ్లు’ అనే విశాలమైన వర్గంలో రాజ్మా వంటి వాటితో కలిసిపోతాయి. కనుక ప్రపంచ మినుముల వ్యాపారం గురించి 6 అంకెల గణాంకాలతో వ్రాసే పత్రం నిజానికి మినుము, పెసర రెండింటి మొత్తాన్ని గురించి వ్రాస్తున్నట్లే.

ఇందుకు మరో ముఖం కూడా ఉన్నది. మచిలీపట్నం వ్యవసాయ పరిశోధనా స్థానం చౌడును తట్టుకొనే వరి రకాలపై కృషి చేస్తున్నది. నాగాయలంక, కోడూరు వంటి తీర మండలాలకు అవి ముఖ్యం. ఉత్పత్తుల వర్గీకరణకు అది కేవలం ధాన్యమే. మనం విడుదల చేసిన రకం రైతుల పొలాలలో ఎంతమేరకు వ్యాపించినదో ఈ పట్టికలు చెప్పజాలవు. ఆ సమాచారాన్ని మనమే విడిగా నమోదు చేసుకోవలసి ఉన్నది.

చెరువు ఏ ఖాతాలోనిది?

వరి పొలాలు చేపల, రొయ్యల చెరువులుగా మారిన ప్రాంతాలలో ఈ ప్రశ్న మరింత జటిలమవుతుంది. మన భూ వినియోగ గణాంకాలకు ఆధారమైన తొమ్మిది వర్గాలలో అడవులు, బీడు భూములు, వ్యవసాయేతర వినియోగం, నికర సాగు విస్తీర్ణం వంటివి ఉన్నాయి గాని, చేపల చెరువుకంటూ ప్రత్యేక వర్గం లేదు. చెరువును నికర సాగులో కలిపితే సాగు భూమి తగ్గనట్లు కనిపిస్తుంది. నీటి క్రింది భూమిగా వ్యవసాయేతర వినియోగంలో చేర్చితే సాగు కుదించుకుపోయినట్లు కనిపిస్తుంది. పట్టిక అడుగున గల వివరణను చదవకుండా వరి విస్తీర్ణపు ధోరణిపై నిర్ధారణకు రావడం ప్రమాదకరం.

కార్యకలాపాల వర్గీకరణలో విభజన నీటిని బట్టి జరుగుతుంది. గుడివాడ పరిసరాల మంచినీటి చెరువులలో పెరిగే బొచ్చె, శీలావతి చేపలు 0322 తరగతి అయిన మంచినీటి జలచర సాగుకు చెందుతాయి. ఉప్పునీటి చెరువులోని రొయ్య, సముద్రానికి కొన్ని మైళ్ల లోపల ఉన్నప్పటికీ, 0321 తరగతి అయిన సముద్ర జలచర సాగులో చేరుతుంది. అందువలన ఒకే వెనామీ రొయ్య నీటి ఉప్పదనాన్ని బట్టి రెండు తరగతులలో కనిపించగలదు. ఎగుమతి సంకేతంలో లెక్క మరొక రకం. గడ్డకట్టించిన రొయ్యల శీర్షికలో చెరువు రొయ్యకు, సముద్రంలో పట్టిన రొయ్యకు తేడా లేదు. తొక్కతోనే నీటిలో ఉడికిస్తే అది 0306 శీర్షికలోనే నిలుస్తుంది. తొక్క తీసి ఉడికిస్తే 1605 క్రింద తయారు ఆహారంగా మారుతుంది.

‘ఇతరములు’ అన్న గీత విలువ

వర్గీకరణలో అతి తక్కువగా పట్టించుకొనే పదం ‘ఇతరములు’. 2023 జూలై 20న కేంద్ర ప్రభుత్వం బాస్మతీయేతర తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించినపుడు ఆ ఉత్తర్వు నిలిచినది 1006 30 90 అనే ‘ఇతర’ సంకేతంపైనే. ఉప్పుడు బియ్యానికి, బాస్మతికి వేరు గీతలుండటం వలన అవి ఆ నిషేధంలోకి రాలేదు. సాంబ మసూరి, సోనా మసూరి వంటి మన సన్న బియ్యానికి నాడు ప్రత్యేక గీత లేదు. ముతక బియ్యంతో పాటు అవీ ఆగిపోయాయి. అమెరికాలో తెలుగువారు సరుకుల దుకాణాల ముందు బారులు తీరినది ఈ ‘ఇతరములు’ మూలంగానే. ఆ నిషేధం 2024 సెప్టెంబరు 28న తొలగినది. ఉత్పత్తికి సొంత సంకేతం ఉండటమంటే విధానం దృష్టిలో విడిగా కనిపించడమన్నమాట.

విస్తరణ శాస్త్రవేత్తలకు, విద్యార్థులకు సూచనలు

1. ప్రతి దిగుబడి అంకె పక్కన ఉత్పత్తి రూపాన్ని (ధాన్యం, దంపుడు బియ్యం, మరపట్టిన బియ్యం), తేమ శాతాన్ని, కొలమానాన్ని వ్రాయాలి.

2. ద్వితీయ గణాంకాలు వాడినపుడు వర్గీకరణ పేరును, రూపాంతరపు సంవత్సరాన్ని, ఎన్ని అంకెల స్థాయిలో తీసుకున్నారో ‘పదార్థాలు–పద్ధతులు’ భాగంలో పేర్కొనాలి.

3. కాలశ్రేణిని విశ్లేషించేటపుడు వర్గాల సవరణలతో పాటు ప్రాంతాల సవరణలనూ చూడాలి. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనలో కైకలూరు ప్రాంతం ఏలూరు జిల్లాకు వెళ్లినది. ఆనాటికి ముందు, తరువాత ‘కృష్ణా జిల్లా’ చేపల ఉత్పత్తి ఒకే భూభాగానికి చెందినది కాదు.

4. చెరువుల సర్వేలో నీటి ఉప్పదనాన్ని, జాతిని, పూర్వపు భూ వినియోగాన్ని వేర్వేరు గడులలో నమోదు చేయాలి. విడిగా సేకరించిన వివరాలను ఎప్పుడైనా కలపవచ్చును. కలిపి సేకరించిన వాటిని తరువాత విడదీయలేము.

5. పంట నమోదులో వరి తరువాతి మినుమును, పెసరను ‘అపరాలు’ అని ఒక్క మాటలో ముగించరాదు. ధాన్యం సేకరణ, నష్టపరిహారం, బీమా ఈ నమోదులను ఆధారం చేసుకొనే నడుస్తాయి. రైతు పేరు ఎదుట పడిన పంట పేరే ఆపత్కాలంలో అతనికి సాక్ష్యం.

వర్గీకరణ అనివార్యం, ఏ వర్గీకరణా సంపూర్ణం కాదు. పట్టికలోని అంకెను చదివే ముందు ఆ అంకె ఏ వస్తువుకు చెందినదో, దేనిని తనలో కలుపుకొన్నదో, దేనిని వెలుపల ఉంచినదో తెలుసుకోవడం పరిశోధకుని ప్రాథమిక బాధ్యత. డెల్టాలో కాలువ నీరు ఏ బోదె గుండా ఏ పొలానికి చేరుతున్నదో తెలియకుండా నీటి లెక్క వేయలేము. గణాంకాల విషయంలోనూ అంతే.