నీలి పిట్టలు రెండు – ఛాయాచిత్రమున గుర్తించు విధము

వాగుల గట్లనున్న పొదలలోను, తోపుల చిక్కని నీడలోను పిచ్చుకంతటి నీలి పిట్ట యొకటి కొమ్మపై నిటారుగా కూర్చుండి, ఎగురుచున్న పురుగును గాలిలోనే పట్టి, మరల కొమ్మకు చేరుట అనేకులు చూచియుందురు. ఇది ఈగపట్టు పిట్టల జాతికి చెందినది. నేడు పల్లెలలో సైతము యువకుల చేతులలో కెమెరా గల ఫోనులున్నవి. చిత్రము తీయుట సులభమైనది. అందలి పిట్ట పేరు సరిగా చెప్పుటకు మాత్రము కొంత పరిశీలన అవసరము.

మన ప్రాంతమున తరచు పొరపాటు కలిగించునవి రెండు. ఒకటి టికెల్ నీలి ఈగపట్టు పిట్ట. రెండవది నీలికంఠపు ఈగపట్టు పిట్ట. రెండింటి పోతులకును వీపు నీలము, రొమ్ము నారింజ వర్ణము, పొట్ట తెలుపు. భేదమంతయు గొంతు వద్దనే కలదు. టికెల్ పిట్టకు నారింజ వర్ణము గొంతు నుండియే ఆరంభమగును. రెండవదానికి గొంతు నీలముగా నుండి, దాని క్రింద రొమ్మున నారింజ వర్ణము మొదలగును.

పెంటి పిట్టలను గుర్తించుట ఇంకను తేలిక. టికెల్ పెంటి వీపు వెలిసిన నీలము. నీలికంఠపు పెంటి వీపు గోధుమ వన్నె.

కావున వెనుక నుండి తీసిన చిత్రమును బట్టి పోతుల పేరు నిర్ణయింపరాదు. నీడలో నారింజ గొంతు సైతము నల్లగా కనబడవచ్చును. పిట్ట తల వంచినచో గొంతు మరుగుపడును. అందువలన ముందునుండి ఒకటి, ప్రక్కనుండి ఒకటి, మొత్తము రెండు మూడు చిత్రములు తీయవలెను. తేదీ, స్థలము, పరిసరములు వ్రాసి యుంచవలెను. గొంతు తెలియని చిత్రమునకు ఊహతో పేరు పెట్టుట కంటె, "నీలి ఈగపట్టు పిట్ట" అని మాత్రమే వ్రాయుట మేలు.

ఇంత శ్రమ ఎందులకని కొందరడుగవచ్చును. నీలికంఠపు పిట్ట హిమాలయ ప్రాంతపు అడవులలో గూడు కట్టుకొని, శీతకాలమున దక్షిణమునకు వచ్చి మరలిపోవు అతిథి. టికెల్ పిట్ట ఏడాది పొడవునను ఇచ్చటనే యుండునది. వాగు గట్టు తొర్రలలోను, చెట్టు తొర్రలలోను వేసవి మొదలు వర్షాకాలము వరకు గ్రుడ్లు పెట్టి పిల్లలను పెంచును. మన గట్టున నున్నది టికెల్ పిట్టయై యుండగా దానిని అతిథియని పొరబడినచో, వేసవిలో పొదలు నరికి నిప్పు పెట్టుటకు మనము సంకోచింపము. గూడు, పిల్లలు అందులోనే నశించును.

గూడు కనబడినచో దగ్గరకు పోరాదు. కొమ్మలు తొలగించి చిత్రము తీయరాదు. తల్లి బెదరి గూటిని విడిచిన, పిల్లలు ఆకలితో చచ్చును. దూరము నుండి చూచి, తేదీ వ్రాసికొని, గట్టు పొదను ఆ కొద్ది నెలలు అట్లే విడిచిన చాలును.