వారు చెప్పరు, మనమే చూడాలి

పుదుచ్చేరి పట్టణంలో సాయంత్రం వాహనాలు ఆగిపోయిన తరువాత బీచ్ రోడ్డు మీద చల్లగాలికి నడిచే వృద్ధులు ఎందరో కనిపిస్తారు. అదే పట్టణపు వృద్ధాశ్రమాల్లో మంచం దిగలేనివారు మాత్రం ఎవరి కంటా పడరు. వారికి అన్యాయం జరిగితే అదీ ఎవరి కంటా పడదు.

1975లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక వైద్యుని లేఖ వెలువడే వరకు వృద్ధులపై హింసను వైద్యలోకం అంతగా పట్టించుకోలేదు. నేడు ప్రపంచ ఆరోగ్య సంస్థ క్రోడీకరించిన అధ్యయనాల ప్రకారం, సంరక్షణాలయాల సిబ్బందిలో ప్రతి ముగ్గురిలో ఇద్దరు గడచిన ఏడాదిలో ఏదో ఒక రూపంలో వృద్ధులను బాధించినట్లు తామే అంగీకరించారు. వీరందరూ క్రూరులు కారు. రాత్రంతా ఎందరికో ఒక్కతే ఆయా, చాలీచాలని జీతం, శిక్షణ లేమి: ఓర్పు నశించడానికి ఇవి చాలు.

గుర్తించడం ఎలా?

భుజాల మీద వేళ్ల గుర్తులు, మణికట్టు చుట్టూ కట్టిన మచ్చలు, పడకపుండ్లు, ఎండిన పెదవులు, బరువు తగ్గడం, పగలంతా మగతనిద్ర - ఇవన్నీ హెచ్చరికలు. ముదిమిలో చర్మం తేలికగా కములుతుంది గనుక ఒక్క మచ్చ చూచి నింద వేయరాదు. అవి పదేపదే కనిపించినా, ఆయా రాగానే పెద్దవారు మాట మింగినా సందేహించాలి.

పుదుచ్చేరిలో మరొక ప్రమాదం ఉన్నది. ఇక్కడ ఫ్రెంచి ప్రభుత్వపు పింఛను అందుకునే కుటుంబాలున్నాయి. పింఛను ఏదైనా, ఎవరి చేతికి పోతున్నదో, వేలిముద్ర ఎవరు వేయిస్తున్నారో గమనించాలి. 800 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న యానాం కూడా ఈ పాలిత ప్రాంతంలోనిదే. అక్కడి నుండి వచ్చి, తెలుగు తప్ప మరొకటి రాని వృద్ధురాలు తమిళులైన ఆయాల నడుమ తన బాధను ఎవరితో చెప్పుకోగలదు?

నివారణ ఎవరి చేతిలో?

2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ఆశ్రమాల ప్రమాణాలను నిర్ణయించే అధికారాన్ని రాష్ట్రాలకు ఇచ్చింది. తమ సంరక్షణలోని వృద్ధులను పూర్తిగా వదిలివేసేవారికి మూడు నెలల జైలు, లేదా 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చునన్నది. అయితే చట్టం ప్రతి గదిలోకీ వచ్చి చూడలేదు. చూడవలసింది బంధుమిత్రులే.

చెప్పకుండా వెళ్లండి. ఒకసారి భోజనవేళ, మరొకసారి పొద్దుపోయాక. కొంతసేపు ఏకాంతంగా, వారి భాషలోనే మాట్లాడండి. మందుల చీటీ, బరువుల పట్టీ అడగండి. రాత్రివేళ ఎందరు సిబ్బంది ఉంటారో తెలుసుకోండి. అనుమానం కలిగితే వెంటనే తగాదాకు దిగవద్దు. మీరు వెళ్లిపోయాక ఆ కోపం పెద్దవారి మీదకే మళ్లవచ్చు. తేదీతో సహా వ్రాసి ఉంచి, వారి అభీష్టం తెలుసుకొని, వైద్యునికి చూపించండి. వృద్ధుల జాతీయ సహాయ ఫోను 14567, ప్రాణాపాయమైతే 112.

తరచుగా ఎవరో ఒకరు వచ్చిపోయే వృద్ధుని మీద చేయి ఎత్తడానికి ఎవరైనా జంకుతారు. మీరు తీసుకొని వెళ్లే పండ్ల కన్న మీ రాకయే వారికి పెద్ద రక్ష.