పాలిస్టర్‌కు పట్టు మెరుపు ఎట్లొస్తుంది?

శిడ్లఘట్ట, రామనగర మార్కెట్లలో మన గూళ్లకు అసలు పోటీ పక్క ఊరి గూళ్లు కావు, పట్టు పేరుతో అమ్మే పాలిస్టర్ చీర.

పాలిస్టర్‌ను 260 డిగ్రీల పైన కరిగించి, సన్న రంధ్రాల్లోంచి పోగులు తీస్తారు. అప్పటికి లోపల అణువులు చిక్కుపడిన దారంలా ఉంటాయి. వేడి మీద సాగదీస్తే పొడవునా వరసకొస్తాయి. 200 డిగ్రీల దరిదాపుల్లో బిగువుగా ఉంచితే అట్లే కుదురుకుంటాయి. దాంతో వెలుగు పొడవున ఒక రకంగా, అడ్డంగా ఇంకో రకంగా పోతుంది. బడిలో చదివిన వక్రీభవన గుణకమే ఇది: పాలిస్టర్‌కు సుమారు 1.72, 1.54, మన పట్టుకు 1.59, 1.54. ల్యాబ్‌లో ఈ తేడాతోనే పోగు ఏదో చెప్పేస్తారు.

కంటికి కనపడే తళుకులో మాత్రం పోగు ఆకారానిదే పెద్ద వాటా. మన పురుగు పోగు అడ్డకోతలో మూడు మూలలుగా ఉంటుంది. అది చూసే వాళ్లూ మూడు రెక్కల పోగు తీస్తున్నారు. తీసుకోనీ, పట్టు ధరకు అమ్మడమే అన్యాయం.

ఇస్త్రీపెట్టె వేడి ఎక్కువైతే పాలిస్టర్ పోగులు మెత్తబడి చదునవుతాయి, అక్కడ నిగనిగలాడే మచ్చ పడుతుంది. పట్టు కరగదు, మాడుతుంది. అనుమానముంటే పడుగు పోగు, పేక పోగు వేరువేరుగా కాల్చండి. కొందరు ఒకదాంట్లోనే పట్టు వేస్తారు. వెంట్రుక కాలిన వాసనొచ్చి, చిదిమితే పొడైతే పట్టు. గట్టి ఉండ కట్టిందా, పాలిస్టర్.