అగ్నిమాపక దళమున జేరగోరువారికి

మాఘ ఫాల్గుణ మాసములు వచ్చుసరికి సత్తెనపల్లి చుట్టుపట్ల కళ్లము లన్నియు నెఱ్ఱబాఱును. మిరపకాయ యెండబోసిన నేల యొకవైపు, పత్తి బోరెములతో నిండిన వసారాలు మఱియొకవైపు. సంవత్సరపు కష్టమంతయు నెండి గలగలలాడు కాలమది. నిప్పు వెదకుకొనుచు వచ్చు కాలమును నదియే.

మొన్నటి వేసవికి ముందు మా పదవ తరగతి బాలు డొకడు వచ్చి, "మాస్టారూ, ఎఱ్ఱబండి మీద కొలువు కావలెనన్న నేమి చదువవలెను?" అని యడిగెను. మాకు వెంటనే ప్రత్యుత్తరము తోపలేదు. వైద్యుడు, ఉపాధ్యాయుడు, ఇంజనీరు అనువారికి మార్గము చెప్పగలము గాని దీనిని గూర్చి మే మెన్నడు నాలోచించి యుండలేదు. ఆ బాలుని తల్లి మాత్రము, "నిప్పులో దుముకు కొలువు మన కేల నాయనా?" అని కంట నీరు పెట్టుకొనెను. ఇద్దఱికిని సమాధానము చెప్పవలెనని విచారించి తెలిసికొన్న సంగతుల నిట వ్రాయుచున్నాము.

అమెరికా దేశమున ననేక గ్రామప్రాంతములకు వేర్వేఱుగ అగ్నిమాపక మండలములు గలవు. అచట ఆ యూరి వర్తకుడో, రైతో దరఖాస్తు పెట్టుకొని, సాయంకాలములందు కవాతు నేర్చుకొని, జీతములేని స్వచ్ఛంద సేవకుడుగా జేరును. ఆ దేశపు అగ్నిమాపకులలో సగముకంటె నెక్కువమంది యిట్టివారే. మన యాంధ్రదేశమున నట్లు గాదు. ఇది రాష్ట్ర ప్రభుత్వపు శాఖ. 1999వ సంవత్సరపు అగ్నిమాపక సేవల చట్టము దీనికి ఆధారము. కావున నే నీ యూరివాడను, ఈ యూరి కేంద్రముననే చేరుదునని తలుపు తట్టినంత మాత్రమున బని లేదు. పోలీసు నియామక మండలి ప్రకటన వెలువడువఱకు వేచియుండవలెను.

2018వ సంవత్సరమున నట్టి ప్రకటన వెలువడెను. అందు ఇంటర్మీడియేటు చదివి, 18 సంవత్సరములు నిండినవారిని గోరిరి. ఎత్తు 167.6 సెంటీమీటర్లకు తక్కువ గారాదు. ఛాతి 86.3 సెంటీమీటర్లుండి, ఊపిరి పీల్చినప్పుడు మఱి 5 సెంటీమీటర్లు విరియవలెను. మొదటి వ్రాతపరీక్ష 200 మార్కులది. గణితము, సామాన్యశాస్త్రము, చరిత్ర, భూగోళము, తర్కము అన్నియు నందు గలవు. పోలీసు భటుల కేర్పఱచిన పరుగు 1600 మీటర్లు, 8 నిమిషములలో ముగింపవలెను. దానికి సిద్ధపడినవాడు దీనికిని సిద్ధపడినట్లే. ప్రకటన ప్రకటనకు నిబంధనలు మాఱవచ్చును గనుక క్రొత్తదానిని స్వయముగ జదువుకొనుట యవసరము. మధ్యవర్తుల కెవ్వరికిని రూక యియ్యవలదని తల్లిదండ్రులకు ప్రత్యేకముగ మనవి చేయుచున్నాము.

ఎన్నికయైన పిమ్మట శిక్షణము. బయటివారు తలంచునట్లు గొట్టము పట్టి నీళ్లు చల్లుట మాత్రమే విద్య గాదు. గొట్టములు విప్పుట, మరల జుట్టుట, నిచ్చెన నిలుపుట, త్రాటి ముడులు, స్పృహ దప్పినవానిని భుజమున మోయుట, ప్రథమచికిత్స — ఇవి చేతికి అలవడువఱకు దినదినమును జేయింతురు. వీనికి మూలమైనది మీరు తరగతిలో జదువుకొన్న పాఠమే. మండు పదార్థము, వేడిమి, ప్రాణవాయువు: ఈ మూటిలో నొకదానిని దీసివేసిన నిప్పారును. నీరు వేడిమిని హరించును. ఆవిరియైనచో దాని పరిమాణము సుమారు 1,700 రెట్లగును. కాని కాగుచున్న నూనెపై నీరు పోసిన మంట యెగసిపడును. విద్యుత్తు ప్రవహించు తీగెపై బోసిన పోసినవాడే పడిపోవును.

మన ప్రాంతపు వానికి పత్తి పాఠము ముఖ్యము. మరలో విత్తు దీయునపుడు పత్తితో నొక మేకుగాని రాతిముక్కగాని కలిసిపోయిన, లోహమునకు దగిలి నిప్పురవ్వ పుట్టును. ఆ రవ్వ దూదిలో జేరి, బేలులో నొత్తబడి, పైకి గానరాకయే లోలోపల రగులుచుండును. బేలు బరువు సుమారు 170 కిలోగ్రాములు. ఎంత యొత్తినను పోగుల నడుమ గాలి యుండనే యుండును. ఆ గాలియే నిప్పున కాహారము. పైనుండి నీరు గుమ్మరించిన జాఱిపోవునేగాని లోనికి జొరదు. కావున పట్టీలు త్రెంచి, బేలు విప్పి, పొరపొరయు దడుపవలెను. ఒకమా ఱారినదని విడిచిన బేలు మరునాడు మరల నంటుకొనుట గలదు.

ఈ పత్తి నిప్పు సామాన్యమైనది గాదనుటకు బొంబాయి రేవే సాక్షి. 1944వ సంవత్సరము ఏప్రిల్ 14వ తేదీని ఫోర్ట్ స్టికిన్ అను ఓడ విక్టోరియా రేవున నుండెను. అందు సుమారు 1,400 టన్నుల ప్రేలుడు సామగ్రియు, కరాచీలో నెక్కించుకొన్న వేలకొలది పత్తి బేళ్లును గలవు. మధ్యాహ్నము పొగ కనబడెను. అగ్నిమాపకులు 900 టన్నులకు మించిన నీటిని ఓడలోనికి బంపిరి గాని నిప్పు ఎచ్చట నున్నదో కనుగొనజాలకపోయిరి. సాయంకాలము నాలుగు గంటలు దాటిన కొలది నిమిషములకు ఓడ ప్రేలెను. అరగంట లోపల మరల బ్రేలెను. నగరమున వందలకొలది జనులు మడిసిరి. విధిలో నుండి మరణించిన అగ్నిమాపకులు 66 మంది. ఏప్రిల్ 14 మొదలు 20 వఱకు దేశమంతట అగ్నిమాపక వారోత్సవము జరుపుట వారి స్మరణార్థమే.

మిరపకాయ సంగతి వేఱు. పోపున నొక యెండుమిరపకాయ మాడిన ఇల్లెల్ల దగ్గును. గిడ్డంగి నిండ టిక్కీలు మండిన నేమగునో యూహింపుడు. ఆ ఘాటునకు కన్నులు తెఱువరావు, ఊపిరి యాడదు. వీపున గాలి సిలిండరును, మొగమున ముసుగును ధరించినగాని లోనికి బోరాదు. శీతల గిడ్డంగులలో చల్లదనమునకు వాడు అమోనియా వాయువు మఱియొక యపాయము.

ఇచట మా తప్పు నొకదానిని జెప్పవలసియున్నది. కొన్నియేండ్ల క్రిందట మేమున్న పల్లెలో నొక గడ్డివామి యంటుకొనెను. మేమందఱము బిందెలతో బరుగెత్తితిమి. పెద్దలు కేకలు వేసిరి, యువకులు వామి యెక్కజూచిరి. అరగంట గడచినపిమ్మట, "ఎవరైన ఫోను చేసిరా?" అని యొక ముసలమ్మ యడిగెను. ప్రతివాడును మఱియొకడు చేసియుండునని తలంచెను, చేసినవాడు లేడు. బండి వచ్చుసరికి ప్రక్కనున్న తాటాకుటిల్లును, కట్టుగొయ్యనున్న గేదెయు దక్కలేదు. 101 అను సంఖ్య మా కందఱికిని దెలియును.

నిప్పు ఒక్కటియే వీరి పని యనుకొనరాదు. శాఖ పేరునందే విపత్తు ప్రతిస్పందన యను మాట చేరినది. బావిలో బడినవారిని దీయుట, వరదలలో పడవ నడుపుట వీరివే. 2024వ సంవత్సరము సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ పేటలు మునిగినపుడు, నీరు దీసిన పిమ్మట ఇండ్లలో మేటవేసిన బురదను కడిగినవి ఈ ఎఱ్ఱబండ్లే.

బాలిక లొకరిద్దఱు మాకేల యీ వ్యాసమని యడుగవచ్చును. నాగపురమున కేంద్రప్రభుత్వపు జాతీయ అగ్నిమాపక కళాశాల గలదు. 1956లో రాంపురమున స్థాపింపబడి మరుసటి యేడు నాగపురమునకు మాఱినది. అందు 2002వ సంవత్సరమున జేరి, పట్టము పొందిన మొదటి స్త్రీ హర్షిణీ కన్హేకర్. ఇంజనీరింగు మార్గమున నీ వృత్తికి బోగోరువారు ఆ కళాశాలను గూర్చి తెలిసికొనవలెను.

ఇక మా బాలుని సంగతి. వ్యాయామోపాధ్యాయులు వానిని గోడకు నిలిపి కొలిచిరి. ఎత్తు 164, ఇంక 3.6 సెంటీమీటర్లు గావలెను, వయసు పదునాఱే. ఛాతి విరియుట చాలదు. ఉదయము అయిదు గంటలకు మైదానమున బరుగెత్తుచున్నాడు. మొదటి వారము 1600 మీటర్లకు పది నిమిషములు పట్టెను. తల్లి యింకను సమ్మతింపలేదు గాని, రాత్రి నానబెట్టిన సెనగలు మాత్రము ప్రొద్దుటనే చేతికిచ్చి పంపుచున్నది.