రెజ్యూమెలో చేరే దొంగ ఏళ్లు

అమెరికాలో ఎమ్మెస్ పూర్తిచేసిన పిల్లల నుంచి మన సంఘాలకు వచ్చే ప్రార్థన మనవుల్లో మొదటిది ఉద్యోగం. ఆరోగ్యం, పెళ్లి సంగతులు ఆ తర్వాతే. "మా అబ్బాయికి ఇంకా జాబు రాలేదు, ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి" అని తల్లి చీటీ రాసి పంపుతుంది. మనం పేరు చదివి ప్రార్థిస్తాం. ప్రార్థించాల్సిందే. అయితే ఆ పిల్లవాడు ఎలాంటి ఇరుకులో ఉన్నాడో, ఆ ఇరుకులో అతని ముందుకు ఏ శోధన వస్తుందో మనకు సరిగ్గా తెలియదు. తెలిస్తే మన ప్రార్థన మరోలా ఉంటుంది.

ముందు ఆ ఇరుకు సంగతి చూద్దాం. విద్యార్థి వీసా మీద చదివినవారికి డిగ్రీ అయ్యాక ఓపీటీ పేరుతో 12 నెలలు పనిచేసే అనుమతి ఇస్తారు. కంప్యూటర్, ఇంజనీరింగ్ వంటి చదువులైతే మరో 24 నెలలు పొడిగించుకోవచ్చు. మొత్తం మూడేళ్లు, చాలు కదా అనిపిస్తుంది. కానీ మొదటి ఏడాదిలో ఉద్యోగం లేకుండా ఉండగలిగేది మొత్తం 90 రోజులే. పొడిగింపు దొరికితే మరో 60 రోజులు కలుస్తాయి. అనుమతి మొదలైన తేదీ నుంచే లెక్క. శనివారం, ఆదివారం, క్రిస్మస్, అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. ఇక్కడ మనం "మూడు నెలలేగా, వస్తుందిలే" అనుకునేలోపు అక్కడ గడువు తీరిపోతుంది.

ఒకప్పుడు ఈ గడువు ఇంతగా భయపెట్టేది కాదు. రెండువేల సంవత్సరం ముందు వైటూకే పనులకు అమీర్‌పేటలో కోర్సు నేర్చుకున్నవారు కూడా విమానం ఎక్కారు. ఇప్పుడు పరిస్థితి వేరు. 2022 నవంబరులో మెటా 11 వేల మందిని, 2023 జనవరిలో గూగుల్ 12 వేల మందిని తీసేస్తున్నట్టు ప్రకటించాయి. అమెజాన్, మైక్రోసాఫ్ట్ కూడా అదే దారి పట్టాయి. అలా బయటికి వచ్చిన అనుభవజ్ఞులూ నిన్న డిగ్రీ తీసుకున్న మన పిల్లలూ ఒకే ఉద్యోగానికి దరఖాస్తు చేయాల్సి వచ్చింది. దానికి తోడు హెచ్-1బి వీసాలకు ఏటా 65 వేలు, అమెరికాలో పైచదువు చదివినవారికి మరో 20 వేలు అనే పరిమితి ఉంది. పరిమితికి మించి దరఖాస్తులు వస్తే ఎంపిక జరుగుతుంది, అందులో పేరు రావాలి. దేశం బయట ఉన్నవారికోసం వేసే కొత్త హెచ్-1బి దరఖాస్తుకు లక్ష డాలర్లు కట్టాలన్న అధ్యక్షుడి ప్రకటన 2025 సెప్టెంబరులో వెలువడింది. అది ఎవరికి వర్తిస్తుంది, ఎవరికి వర్తించదు అన్న చర్చ అలా ఉంచితే, "ఈ వీసా గొడవ మనకెందుకు" అనుకునే కంపెనీలకు ఇంకో సాకు దొరికింది. ఇక్కడ చూస్తే ఇంటి కాగితాలు బ్యాంకులో ఉన్నాయి. నెల తిరిగేసరికి వడ్డీ వచ్చి నిలబడుతుంది.

సరిగ్గా అప్పుడు ఒక ఫోను వస్తుంది. మాట్లాడేది మన తెలుగే. "తమ్ముడూ, ఫ్రెషర్ అంటే ఇక్కడ ఎవరూ పిలవరు. రెజ్యూమెలో ఏడేళ్లు పెడదాం. మిగతాది మేం చూసుకుంటాం" అంటారు. అంటే హైదరాబాదులోనో బెంగళూరులోనో రెండు మూడు కంపెనీల్లో చేసినట్టు రాస్తారు. ఎవరైనా విచారిస్తే ఆ ఫోను ఎత్తేది కూడా వాళ్ల మనిషే. ఇంటర్వ్యూలో జవాబులు చెప్పడానికి మరొకరు ఉంటారు, ఇతను పెదవులు కదిపితే చాలు. ఉద్యోగం వచ్చాక పని రాకపోతే ఆ పనిని రాత్రంతా మేలుకుని ఇండియా నుంచి చేసిపెట్టేవారూ ఉన్నారు. దానికి 'జాబ్ సపోర్ట్' అని పేరు, నెలకింత అని రేటు! అన్ని కన్సల్టెన్సీలూ ఇలాంటివే అనడం అన్యాయం. ఉన్నది ఉన్నట్టు రాసి, ఓపిగ్గా కంపెనీలకు పరిచయం చేసేవీ ఉన్నాయి. కానీ ఇరవై మూడేళ్ల పిల్లవాడికి, డెబ్బయ్యో రోజున, ఏది ఏదో తెలుసుకునే తీరిక ఎక్కడుంటుంది?

ఆ తర్వాత జరిగేదే మమ్మల్ని ఎక్కువ బాధిస్తుంది. ఉద్యోగం వస్తుంది. తల్లి ఆదివారం నిలబడి, దేవుడు ద్వారం తెరిచాడని కన్నీళ్లతో సాక్ష్యం చెబుతుంది. సంఘమంతా హల్లెలూయా అంటుంది. ఆ ద్వారం ఏ తాళంచెవితో తెరుచుకుందో ఆ తల్లికి తెలియదు. తెలిసిన కొడుకు ఆ వీడియో చూసి మౌనంగా ఉండిపోతాడు. మెల్లగా ప్రార్థనకు దూరమవుతాడు. చాలామంది అనుకున్నట్టు అమెరికా గాలి సోకి కాదు, ఆ సాక్ష్యం ముందు నిలబడలేక.

వలస వెళ్లినవాడు భయపడి అబద్ధమాడటం కొత్త సంగతి కాదు. ఆదికాండము 12వ అధ్యాయంలోనే ఉంది. కనానులో కరవొస్తే అబ్రాహాము ఐగుప్తుకు వెళ్లాడు. అప్పటికింకా ఆయన పేరు అబ్రామే. అక్కడివారు తనను చంపుతారని భయపడి, నా చెల్లెలినని చెప్పమని భార్యను బతిమాలాడు. ఆ మాట వల్ల ఆయనకు గొర్రెలు, గొడ్లు, గాడిదలు, ఒంటెలు, దాసదాసీలు దక్కారు. ఇప్పటి మాటల్లో మంచి ప్యాకేజీ! కానీ ఫరో ఇంటిమీదికి తెగులు వచ్చింది, నిజం బయటపడింది, దేవుణ్ణి ఎరగని రాజు విశ్వాసుల తండ్రిని నిలబెట్టి నిలదీశాడు. ఇంకో సంగతి చూడండి. తర్వాత గెరారులో ఇదే పని చేసి అబీమెలెకుకు దొరికినప్పుడు, ఆమె నిజంగా నా తండ్రి కుమార్తేనని ఆయన సంజాయిషీ ఇచ్చుకున్నాడు. అంటే అది పూర్తి అబద్ధం కాదు, సగం నిజం. "ఆ టెక్నాలజీ నాకొచ్చు, ఏళ్లే కదా పెంచింది" అనే మాట వింటే మాకు ఆ సంజాయిషీయే గుర్తొస్తుంది. 26వ అధ్యాయానికి వచ్చేసరికి ఇస్సాకు కూడా అదే గెరారులో రిబ్కాను చెల్లెలన్నాడు. సీనియర్ చెప్పిన దారిలో జూనియర్ నడవడం అంత పాతది.

దొరక్కపోతే ఏమీ కాదు కదా అనేవారికి కొంచెం లెక్క చెప్పాలి. ఉద్యోగంలో చేరేముందే చాలా కంపెనీలు పాత కొలువులను విచారిస్తాయి. అది దాటినా, గ్రీన్‌కార్డు దశలో పాత అనుభవాన్ని లెక్కలోకి తీసుకుంటే పాత యజమానుల ఉత్తరాలు అడుగుతారు. చదువుకుంటున్నానని విద్యార్థి వీసాలో చెప్పిన ఏళ్లలోనే ఉద్యోగం చేశానని రెజ్యూమెలో ఉంటే రెండూ ఎలా పొసుగుతాయి? వలస అధికారులకు కావాలని తప్పుడు సమాచారం ఇచ్చినట్టు తేలితే, ఆ దేశంలో అడుగుపెట్టకుండా శాశ్వత నిషేధమే చట్టంలో ఉంది. మినహాయింపులు చాలా తక్కువ. 2011లో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ యూనివర్సిటీ గుట్టు రట్టయినప్పుడు మన పిల్లల కాళ్లకు రేడియో పట్టీలు కట్టిన ఫొటోలు మనం మరిచిపోలేదు. 2019లో మిషిగన్‌లో ప్రభుత్వమే వల పన్ని నడిపిన ఫార్మింగ్టన్ యూనివర్సిటీ కేసులో 129 మంది భారతీయ విద్యార్థులు అరెస్టయ్యారు, వారిలో తెలుగువారు చాలామంది. అవి రెజ్యూమె కేసులు కావు, నిజమే. పని అనుమతి కోసం దొరికిన దగ్గరి దారి పట్టడమే వాటికీ మూలం.

మరి దారి లేదా? ఉంది. అది నిదానమైన దారి.

అమెరికాలో రెజ్యూమె మన బయోడేటా కాదు. ఫొటో, పుట్టిన తేదీ, తండ్రిపేరు, మతం, పెళ్లి సంగతి అందులో ఉండకూడదు. కొత్తవాడికి ఒక్క పేజీ చాలు. చదివినప్పుడు చేసిన ప్రాజెక్టు, విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరు దగ్గర చేసిన పని, ఇండియాలో నిజంగా చేసిన ఆరు నెలల ఇంటర్న్‌షిప్, ఇవి చిన్నవిగా కనబడతాయి గానీ అడిగితే గంటసేపు చెప్పగలిగేవి ఇవే. ఇంటర్వ్యూలో మనవాళ్లు తడబడేది ఒకచోట. ప్రశ్న అడగ్గానే తలవంచుకుని మౌనంగా లెక్క చేసేస్తారు. అక్కడివారికి జవాబు ఒక్కటే చాలదు, ఎలా ఆలోచిస్తున్నావో పైకి చెబుతూ ఉండాలి. నువ్వేం చేశావని అడిగితే మనవాళ్లు "మేం చేశాం" అంటారు. 'నేను, నేను' అనకూడదని పెంచిన పెంపకం మరి! ఈ పేజీలో మేమూ అలాగే రాస్తున్నాం. ఇంటర్వ్యూలో మాత్రం నీ వంతు పనిని 'నేను' అనే చెప్పాలి, అది గర్వం కాదు.

దరఖాస్తులో రెండు ప్రశ్నలు వస్తాయి. పనిచేసే అనుమతి ఉందా? ఇప్పుడుగానీ ముందుముందుగానీ వీసాకు స్పాన్సర్ చేయాలా? ఓపీటీలో ఉన్నవారికి మొదటిదానికి జవాబు అవును. అక్కడే స్థిరపడాలనుకుంటే రెండోదానికీ అవును. ఆ రెండో 'అవును' దగ్గరే సగం కంపెనీలు తలుపేస్తాయని పిల్లలు వాపోతారు, 'కాదు' అని పెట్టేస్తారు. దానికి బదులు, తలుపు తెరిచి ఉండే చోట్లు వెదకడం మేలు. విశ్వవిద్యాలయాలకు, వాటికి అనుబంధంగా ఉన్న లాభాపేక్షలేని సంస్థలకు హెచ్-1బి పరిమితి వర్తించదు, లాటరీ బెడద లేదు. జీతం కొంత తక్కువ కావచ్చు. పెద్ద కంపెనీ పేరు చెప్పుకోవాలన్న ఆశ వల్ల మన పిల్లలు అటువైపు చూడరు. ఇంకో మార్గం కూడా ఉంది. మొదటి ఏడాది ఓపీటీలో, తన చదువుకు సంబంధించిన పనిని ఏదైనా సేవాసంస్థలో కార్మిక చట్టాలకు లోబడి జీతం లేకుండా వారానికి 20 గంటలు చేసినా అది ఉద్యోగం కిందే లెక్క, ఆ 90 రోజుల గడియారం ఆగుతుంది. పొడిగింపు కాలంలో మాత్రం ఇది చెల్లదు. ఏం చేసినా ముందు యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల కార్యాలయాన్ని అడగాలి, రూమ్మేట్‌ను కాదు.

రూతుకు బేత్లెహేములో ఏ అనుభవమూ లేదు. పైగా మోయాబీయురాలు. ఈ చిన్నది ఎవరిదని బోయజు అడిగితే, కోత కోసేవారిపై ఉన్న మేస్త్రీ దాచకుండా చెప్పాడు: మోయాబు నుంచి నయోమి వెంట వచ్చింది, అడిగి పరిగె ఏరుకుంటోంది, పొద్దుటి నుంచి ఇక్కడే ఉంది. ఊరూ పేరూ దాచలేదు, పనినీ దాచలేదు. ఇప్పటి కంపెనీల భాషలో దాన్నే రిఫరల్ అంటారు. తెలిసినవాడు లోపలినుంచి ఒక మాట చెబితే వందల దరఖాస్తుల మధ్య ఆ రెజ్యూమెను ఒక మనిషి చదువుతాడు. మన తెలుగు సంఘాల్లో పదిహేను, ఇరవై ఏళ్లుగా అమెరికా కంపెనీల్లో పనిచేస్తున్నవారు ఎందరో ఉన్నారు. ఆరాధన అయ్యాక బిర్యానీ తింటూ కొత్త పిల్లవాణ్ణి "ఏ ఊరు బాబూ" అని అడుగుతారు. "నీ రెజ్యూమె పంపు, ఈ శనివారం రెండు గంటలు నాతో కూర్చో" అనేవారు తక్కువ. అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయంలో క్లౌదియ ఆజ్ఞవల్ల రోమా విడిచి కొరింథుకు కొత్తగా వచ్చిన అకుల, ప్రిస్కిల్ల తమలాగే డేరాలు కుట్టే పౌలును ఇంట్లో ఉంచుకుని, తమతో పనిచేయనిచ్చారు. వాళ్లే వలసవాళ్లు! ముందు స్థిరపడి ఆ తర్వాత ఎవరికైనా సాయం చేద్దామని ఆగలేదు.

ఇది వాక్యంలోనే కాదు, మన నేల చరిత్రలోనూ ఉంది. 1876-78 కరవులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర, అమెరికా నుంచి వచ్చినవాడే, బకింగ్‌హామ్ కాలువలో కొంత తవ్వకం కాంట్రాక్టుగా తీసుకుని ఆకలితో ఉన్న వేలమందికి కూలి ఇచ్చాడు. ఆ సాయం సాగినన్నాళ్లు బాప్తిస్మాలు ఇవ్వలేదు, కూటి కోసం వచ్చారన్న మాట రాకూడదని. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందిన సంగతి అందరం చెప్పుకుంటాం. దానికి ముందున్న కాలువ పని సంగతి అంతగా చెప్పుకోం.

చివరిగా ఇక్కడున్న తల్లిదండ్రులకు ఒక మాట. వారం వారం ఫోనులో "ఏదైనా వచ్చిందా?" అని అడుగుతారు. అది ప్రేమే. కానీ అటువైపు వినేవాడికి అది అప్పు వాయిదాలా వినిపిస్తుంది, కన్సల్టెన్సీ వాడి ఫోను అప్పుడే తీపిగా అనిపిస్తుంది. ఈ వారం ఎవరితో మాట్లాడావు, ఏం నేర్చుకున్నావు, తిన్నావా అని అడగండి. రాకపోతే తిరిగి రమ్మని కూడా ముందే చెప్పండి. హైదరాబాదులో అదే అమెరికా కంపెనీల ఆఫీసులు ఎన్నో ఉన్నాయి, అక్కడి డిగ్రీకి ఇక్కడా విలువ ఉంది. అప్పు తీరడానికి ఇంకో మూడేళ్లు ఎక్కువ పట్టొచ్చు. బ్యాంకుకు వెళ్లి వాయిదా కాలం పొడిగించమని అడిగే పని నాన్న చేయగలడు. ఆ మాట కొడుకుకు ఎనభయ్యో రోజున కాదు, పదో రోజునే తెలియాలి.